పన్నెండో గాయం

నాకు జబ్బు తగ్గింది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే చదివేవాళ్ళు చివరిదాకా నా కోసం బెంగపడతారు. మెడ పక్కన లేచిన గడ్డలు కరిగిపోయాయి. ఊడిన జుట్టు మళ్ళీ మొలిచింది, అదీ ఉంగరాలు తిరిగి. యాభై దగ్గర పడ్డాక ఈ షోకేమిటని మా ఆవిడ పద్మ దెప్పుతూ ఉంటుంది. నేను బతికాను. ఆరుసార్లు నన్ను కాకినాడ తీసుకెళ్ళి, తీసుకొచ్చిన నాగేసు బతకలేదు.

రాస్తే మనసు కుదుటపడుతుందని మూర్తి మాస్టారు నోటుపుస్తకం కొనిచ్చి రెండు నెలలైంది. కురిడీ కొబ్బరి వ్యాపారం చేసుకునేవాణ్ణి, కాయని చెవి దగ్గర పెట్టి ఆడించి లోపల కొబ్బరి ఎండిందో లేదో చెప్పమంటే చెబుతాను గానీ, రాయడం నాకేం చాతనవుతుంది? అయినా ఇది నాకోసమే కాదు, లోపల ఒకటి పెట్టుకుని పైకి బాగానే ఉన్నామని చెప్పే వాళ్ళు మా వైపు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. వాళ్ళ కోసం కూడా.

జబ్బుకి ముందు

మేము నలుగురం. నాగేసూ నేనూ అంబాజీపేటలో ఒకే బడి, ఒకే బెంచీ. వాడు బయటి రాష్ట్రాలకి వెళ్ళే లారీలకి కాయ ఎక్కించే పని చూసేవాడు. సూరిబాబు గారు మస్కట్‌లో క్రేను నడిపి, ఒంట్లో చక్కెర పెంచుకుని తిరిగొచ్చిన మనిషి. మూర్తి మాస్టారు రిటైరైన హెడ్‌మాస్టరు, పి.గన్నవరం నుంచి బస్సెక్కి వచ్చేవారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కురిడీల కొట్లో గోనెలు పరుచుకుని కూర్చునేవాళ్ళం.

పేకాట అనుకునేరు. మొదట్లో మా ఆడవాళ్ళూ అలాగే అనుకున్నారు, పోలీసులొస్తారని భయపడ్డారు కూడా. సూరిబాబు గారు మస్కట్ క్యాంపు ఖాళీ చేస్తున్నప్పుడు పక్క మంచం ఫిలిప్పీన్స్ ఆయన గుర్తుగా ఉంచుకోమని ఇచ్చిన డబ్బా అది. యుద్ధం ముక్కలు. బరువైన కోట్లు వేసుకున్న సిపాయిలు, మంచు, కందకాలు. మాకు మంచంటే ధనుర్మాసంలో కొబ్బరాకుల మీంచి కారేదే. రూల్సు కాగితం ఇంగ్లీషులో ఉంటే మాస్టారు నాలుగు ఆదివారాలు కూర్చుని తెలుగులో రాసిపెట్టారు.

ఆట వివరం చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. నలుగురు సిపాయిలూ ఒకటే జట్టు. ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు. గెలిస్తే నలుగురూ ఇంటికి చేరతారు, ఓడితే నలుగురూ పోతారు. మధ్యలో కట్ట బోర్లించి ఉంటుంది. వంతు వచ్చినవాడు ఒక ముక్క తీస్తాడు. అది దారి ముక్క అయితే ఎవరికీ చూపించకుండా చేతిలో దాచుకుని, అదును చూసి వేస్తాడు. గాయం ముక్క అయితే అప్పటికప్పుడు తన ముందు వెల్లకిలా, అందరికీ కనబడేలా పెట్టాలి. ఎవరి ముందైనా నాలుగు గాయాలు చేరాయా, వాడు పడిపోయినట్టే, వాడితోపాటు అందరూ ఓడినట్టే. దారి వేసుకుంటూ వెళ్ళి, కట్ట అయిపోయేదాకా నలుగురూ నిలబడితే గెలుపు. మొత్తం గాయాలు పన్నెండు.

వాటికి విరుగుడు ఒక్కటే, కట్టలో కలపకుండా మధ్యలో విడిగా పెట్టే దుప్పటి ముక్క. ఒక్కో చుట్టు అయ్యాక ఒక్కరికి ఆ దుప్పటి దక్కుతుంది. కప్పుకున్నవాడు తన గాయాల్లోంచి ఒకటి తీసి డబ్బాలో వేసేయొచ్చు. కాకపోతే దుప్పటి ఇంకొకరు ఇవ్వకూడదు, తీసుకోమని చెప్పనూ కూడదు. కావలసినవాడు తనే నోరు తెరిచి "నాకు కావాలి" అనాలి.

మా కోనసీమ వాళ్ళ చేత అడిగించే ఆట! భోంచేసేరా అంటే కడుపు మాడిపోతున్నా "ఆయ్, ఇప్పుడే అయ్యిందండి" అంటాం. రెండోసారి అడిగితే ఎందుకండీ మీకు శ్రమ అంటాం. మూడోసారి అడిగాకే కాళ్ళు కడుక్కుంటాం. ఆ డబ్బాలో మూడోసారి అడిగే రూలు లేదు. పెద్దాయన మాస్టారుండగా నేను దుప్పటి అడగడమేమిటని సూరిబాబు గారు ఊరుకునేవారు. కొట్టు నాది, వచ్చినవాళ్ళు చుట్టాలతో సమానం, నేనెలా అడుగుతానని నేను ఊరుకునేవాణ్ణి. పిల్లల ముందు పెద్దవాణ్ణి ఏం అడుగుతానని మాస్టారు. దుప్పటి మధ్యలో అలా పడి ఉండేది, ముగ్గురి ముందు మూడేసి గాయాలతో మేము మర్యాదగా ఓడిపోయేవాళ్ళం. రెండేళ్ళు పైన ఆడాం. ఒక్కసారి గెలవలేదు.

చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా

గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గోలీకాయంత తగిలింది. నొప్పి లేదు. పది రోజులకి పక్కన ఇంకోటి. నాకు తెలుసు. తెలియదని ఎందుకు చెప్పాలి? మా పెదనాన్నకి ఇలాగే వచ్చి ఆర్నెల్లలో పోయాడు. ఎవరితోనూ అనలేదు. ఎండాకాలమంతా మెడకి కండువా చుట్టుకుని తిరిగాను. చెమట పడుతోందని పద్మతో చెప్పాను. సాయంత్రానికి ఒళ్ళు కాలేది, రాత్రికి పక్క తడిసేది. అమ్మాయి డిగ్రీ పరీక్షలు అయ్యాక చూసుకుందామని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

ఒక ఆదివారం ఆటలో నాగేసు తన వంతు వచ్చినా ముక్క తియ్యలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఏరా బాబ్జీ, రోహిణి ఎండల్లో మెడకి ఆ కండువా ఏంట్రా?"

చెమట అన్నాను. వాడు ముక్కలు కింద పెట్టేశాడు.

"వెల్లకిలా పెట్టరా."

మాస్టారూ సూరిబాబు గారూ కూడా చూస్తున్నారు. నేను కండువా తీశాను. సూరిబాబు గారు లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చారు. నాగేసు మర్నాడు పొద్దున్నే తన పాత కారు వేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు, అప్పుడు తెలిసింది పద్మకి.

అదే మా ఇంట్లో పెద్ద గొడవైంది. జబ్బుకి ఏడవలేదు ఆవిడ, నాగేసుకి ముందు తెలిసినందుకు ఏడ్చింది. "ఇరవై నాలుగేళ్ళు పక్కనున్నాను. నాకంటే ముందు అన్నయ్యగారికి చూపించేరా?" అంది. చూపించలేదు, వాడే చూశాడని చెప్పినా వినలేదు. వారం రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆవిడదే న్యాయమనిపిస్తోంది. ఒక మనిషి తన నొప్పి మన దగ్గర దాచాడంటే మనల్ని పరాయివాళ్ళ కింద లెక్క కట్టినట్టే. ఆ మనిషి ప్రేమతోనే దాచి ఉండొచ్చు. తరవాత తెలిసినవాళ్ళకి మాత్రం దెబ్బ అలాగే తగులుతుంది.

ఆషాఢం నుంచి భాద్రపదం దాకా

అమలాపురంలో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా పదకొండు రోజులు. వచ్చాక డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. క్యాన్సరే, కాని మందుకి లొంగే రకం, ఆరు సూదులు, మూడు వారాలకొకటి అన్నారు. పద్మ నా చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర నాగేసు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ ఆరు ప్రయాణాలూ ఒకేలా జరిగాయి. తెల్లారకుండా బయల్దేరి, అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక దగ్గర వంతెన, యానాం, కాకినాడ. ఆస్పత్రి మొదటి అంతస్తులో మాది. నంబరు పిలిచేదాకా పెద్ద హాల్లో ఇనుప కుర్చీలు, గోడ మీద మాట వినబడని టీవీ. అక్కడ ఎవరూ ఎవరినీ ఏ జబ్బని అడగరు. ఎన్నో సూది అని అడుగుతారు. మొదటిది అంటే జాలిగా చూస్తారు, అయిదోది అంటే పెద్దవాళ్ళకిచ్చిన మర్యాద ఇస్తారు.

అంతర్వేది వైపు సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇంటావిడ, పోలమ్మ గారని, మాతోపాటే వచ్చేది. నాకంటే ఒక సూది ముందు. నేను మొదటిసారి వాంతి ఆపుకోలేక కుర్చీలో మెలికలు తిరుగుతుంటే కొంగు ముడి విప్పి నిమ్మకాయ చేతిలో పెట్టింది. "గోటితో గీకి వాసన చూడండి బాబూ, తిప్పడం ఆగుద్ది" అంది. ఆగింది. అప్పట్నుంచి ప్రతిసారీ నాకోసం ఒక నిమ్మకాయ కొంగున కట్టుకుని వచ్చేది. ఆవిడ నోరు పుండు పడి మంచినీళ్ళు కూడా తాగలేకపోయేది.

సూది పడ్డాక వారం రోజులు మనిషిని కాను. రెండోవారం ఒంట్లో రక్షణ తగ్గిపోతుంది, జనంలోకి వెళ్ళకూడదు, ఎవరూ దగ్గరికి రాకూడదు. మూడోవారం కాస్త లేచి తిరిగేవాణ్ణి. అన్నిటికంటే నన్ను ఏడిపించింది కొబ్బరి వాసన. పుట్టినప్పట్నుంచీ అందులోనే బతికాను, ఆ వాసన ఉందని కూడా ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు కొట్టు వైపు గాలి తిరిగితే చాలు, వాంతి. అందుకని నా కొట్టు పని కూడా నాగేసు నెత్తినేసుకున్నాడు. నా కాయలు వాడే ఆడించి చూసేవాడు, వాడే ఏరేవాడు, వాడే లారీ ఎక్కించేవాడు. ఆటని కూడా కొట్లోంచి మా వీధి అరుగు మీదికి మార్చారు. మూడోవారం వచ్చే ఆదివారం నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముగ్గురూ చేతులు కడుక్కుని, ఆడేవాళ్ళం. ఓడిపోయేవాళ్ళం.

నాగేసుకి ఆయాసం వస్తున్న సంగతి నేను చూడలేదా? చూశాను. ఆస్పత్రి మెట్లు సగం ఎక్కి ఫోను చూసుకుంటున్నట్టు ఆగేవాడు. బొజ్జ తగ్గించరా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు యానాంలో సోడా తాగి, ఛాతీ రుద్దుకుని, గ్యాస్ అనేవాడు. మా వైపు గుండెనొప్పన్న జబ్బే లేదు, అంతా గ్యాసే. చచ్చిపోయినవాళ్ళకి కూడా ముందురోజు గ్యాసే ఉంటుంది. వాడు జేబులో గ్యాస్ బిళ్ళలు పెట్టుకుని తిరిగేవాడు, నాక్కూడా ఒకటి ఇచ్చేవాడు.

ఆ ఆస్పత్రిలో గుండె డాక్టరుగారి గది రెండో అంతస్తులో. మేము కూర్చునే హాలు పక్కనుంచే మెట్లు. నా నంబరు వచ్చేదాకా నాగేసు ఆ మెట్లకెదురుగా కూర్చునేవాడు.

ఆశ్వయుజం

అయిదో సూదికి వెళ్ళేసరికి పోలమ్మ గారు లేరు. ఆవిడకి ఆరోది, చివరిది. నిమ్మకాయ కోసం కాకపోయినా ఆవిడ కోసం హాలంతా చూశాను. కుర్చీలు తుడిచే ఆయమ్మని అడిగితే తను తల దించుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత నేను అడగలేదు.

ఆరోజు మందు ఎక్కుతుంటే నాగేసుతో ఒక మాట అన్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

"ఒక్కసారి ఆ ఆట గెలిస్తే బతుకుతాననిపిస్తోందిరా. నవ్వకు. ఓడిపోతూనే ఉంటే, అంతే ఇంక."

వాడు నవ్వలేదు. జారిపోయిన దుప్పటి నా కాళ్ళ మీదికి లాగాడు. "గెలుద్దాంలేరా. అదెంత పని" అన్నాడు.

పద్మతో నేను ఆ మాట అనలేదు. సిగ్గేసింది. పిల్లకి పెళ్ళి చెయ్యాల్సిన వయసులో ముక్కలాట మీద ప్రాణం పెట్టుకున్నానంటే ఏం బాగుంటుంది?

కార్తీకం

దీపావళి వెళ్ళిన ఆదివారం ఆడాం. నాలుగు రోజుల్లో ఆఖరి సూది. అరుగు మీద ఎండ బాగానే ఉంది. నా చేతుల గోళ్ళు నల్లబడ్డాయి, ముక్కలు జారిపోతుంటే మాస్టారు ఏరి ఇస్తున్నారు.

ఆరోజు దారి ముక్కలు వరసగా పడ్డాయి. కట్ట పలచబడింది. ఇంక రెండు చుట్లే ఉన్నాయనగా మాస్టారి ముందు ఒక గాయం, సూరిబాబు గారి ముందు రెండు, నా ముందు మూడు, నాగేసు ముందు మూడు. మధ్యలో దుప్పటి. అలవాటు ప్రకారం నేను మాస్టారి వైపు చూశాను, మాస్టారు సూరిబాబు గారి వైపు చూశారు. నాగేసు మాత్రం నన్ను చూస్తున్నాడు. నోటితో చెప్పకూడదు గనక చెప్పలేదు. అలా చూస్తూనే ఉన్నాడు. కండువా తియ్యమన్న రోజు చూసిన చూపే.

"నాకు కావాలి" అన్నాను.

అంత చిన్న మాట అనడానికి రెండేళ్ళు పట్టింది. గాయం ఒకటి తీసి డబ్బాలో వేశాను. ఆ చుట్టు ఎవరికీ గాయం పడకుండా గడిచింది. ఆఖరి చుట్టులో మాస్టారు దారి వేశారు. సూరిబాబు గారు తీసింది గాయం, ముందు పెట్టారు, మూడు. నేను తీసింది కూడా గాయమే, మళ్ళీ మూడు. ఆఖరి ముక్క నాగేసుది. గాయమైతే వాడికి నాలుగు, అందరం పోయినట్టే.

తీశాడు. చూసుకున్నాడు. నెమ్మదిగా చేతిలో మిగిలిన ముక్కల్లోకి దోపుకున్నాడు.

కట్ట అయిపోయింది. నలుగురం నిలబడే ఉన్నాం.

సూరిబాబు గారు అరుగు మీంచి కిందికి దూకేశారు, చక్కెర వల్ల మానని కాలి పుండు సంగతి కూడా మర్చిపోయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పద్మ కంగారుగా బయటికొచ్చి, నేను ఏడుస్తుంటే చూసి ఏమైందోనని నా నుదురు పట్టుకుని చూసింది. గెలిచేమమ్మా అని మాస్టారు చెబితే, మీ మొహాలు మండా అని తిట్టి కాఫీలు పెట్టింది. ఎప్పుడూ ముక్కలు ఏరి లెక్కపెట్టి డబ్బాలో సర్దేది సూరిబాబు గారు. ఆరోజు నాగేసు సర్దాడు. ఈ సంగతి నాకు తరవాత గుర్తొచ్చింది.

నాలుగు రోజులకి ఆఖరి సూది అయ్యింది. తిరిగొచ్చేటప్పుడు గోదావరి వంతెన మీద వాడు కారు ఆపాడు, నేను దిగి గాలి పీల్చుకుంటానంటే. "ఇంక ఈ రోడ్డు మనకొద్దురా" అన్నాను. వాడు "చూద్దాం" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న వాడు లారీ దగ్గర నిలబడి కాయ ఎక్కిస్తూ, కాయల పోగు మీద కూర్చున్నాడట. మంచినీళ్ళడిగాడట. గ్యాస్ అన్నాడట. అమలాపురం చేరేలోపే అయిపోయింది.

నాకు రెండోవారం. జనంలోకి వెళితే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నారు. సూరిబాబు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకేదో అయిపోయిందేమో, అందుకే ఆయన ఏడుస్తున్నారేమో అనిపించింది ఒక్క క్షణం. నిజంగా అలాగే అనిపించింది. అందరం నా చావుకే సిద్ధపడ్డాం, నేను కూడా.

పద్మ ఆపలేదు. ఆటోలో కూర్చోబెట్టి, నోటికి గుడ్డ కట్టి, వాళ్ళ వీధి చివర ఆపించింది. అక్కణ్ణుంచే చూశాను. మొయ్యడానికి వెళ్ళలేదు, ముట్టుకోవడానికి వెళ్ళలేదు. నాగేసు భార్య సుబ్బలక్ష్మి అంత దుఃఖంలోనూ నన్ను గుర్తుపట్టి, ఎవరినో పక్కకి పిలిచి చెప్పి పంపింది. ఆ మనిషి వచ్చి ఆటో దగ్గర వంగి, "అన్నయ్యగారికి పడదు, ఇంటికి వెళ్ళిపొమ్మని చెప్పమన్నారండి" అన్నాడు. నేను వెళ్ళిపోయాను. అంతకంటే సిగ్గుపడ్డ రోజు నా జన్మలో లేదు.

మార్గశిరం

స్కానింగుకి బస్సు మీద వెళ్ళాం, పద్మా నేనూ. ఏమీ కనబడలేదు, అంతా పోయిందని డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు. ఎప్పుడూ మీ వెంట ఉండే ఆయన రాలేదేమండీ, మంచి కబురు ఆయనకీ చెప్పాల్సిందని అన్నారు. పద్మ చెప్పింది. ఆయన నవ్వు ఆపేసి కాసేపు నా కాగితాలు సర్దారు.

బస్సు ఎదుర్లంక దాటింది. బతికానన్న మాట ఎవరికి ముందు చెప్పాలో తెలియలేదు. నా మంచి కబుర్లన్నీ మొదట వినేవాడు ఒక్కడే.

మాఘం

మూడు నెలలు మేము డబ్బా తెరవలేదు. సుబ్బలక్ష్మి మా ఇంటికి ఒక మధ్యాహ్నం వచ్చింది, చేతిలో పాత కవరు. కారు అమ్మేస్తున్నారట, ముందు అరలో కాగితాలు తీస్తుంటే దొరికిందట. పద్మ మజ్జిగ ఇస్తే, ఇప్పుడే తాగేనండి వదినగారూ అంది. ఎండలో నడిచొచ్చిన మనిషి. పద్మ రెండోసారి అడగలేదు, గ్లాసు చేతిలో పెట్టేసింది.

కవర్లో గుండె పరీక్ష కాగితం ఉంది, అమలాపురంలో తీయించుకున్నది. కింద డాక్టరు రాత. కాకినాడ వెళ్ళి వెంటనే గుండె డాక్టరుకి చూపించుకోవాలని, బరువు పనులు మానాలని. భాద్రపదంలో రాసిన కాగితం. నా మూడో సూదికీ నాలుగో సూదికీ మధ్య. అంటే ఆ కాగితం కారులో పెట్టుకుని వాడు నన్ను ఇంకో మూడుసార్లు అదే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మెట్లకెదురుగా కూర్చున్నాడు. పైకి వెళ్ళలేదు. నా బరువులు కూడా వాడే ఎత్తాడు.

ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు, మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది. బాబ్జీగాడిది అవ్వనీ, తరవాత చూసుకుందాం అనుకున్నాడు. నేను అమ్మాయి పరీక్షలు అవ్వనీ అనుకున్నట్టే. నన్ను వాడు పట్టుకున్నాడు. వాణ్ణి నేను పట్టుకోలేదు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే కాయ సంగతి చెప్పేవాణ్ణి, ఆర్నెల్లు పక్క సీట్లో కూర్చుని మనిషి సంగతి తెలుసుకోలేకపోయాను.

కవరు మడతలోంచి సుబ్బలక్ష్మి ఇంకోటి తీసింది.

"కాగితం ఏంటో మా తమ్ముడు చదివి చెప్పేడండి. ఈ ముక్క ఏంటో వాడికి తెలియలేదు. మీ ఆటలోదేమోనని తెచ్చేను, అన్నయ్యగారూ."

గాయం ముక్క. కోటు వేసుకున్న సిపాయి గుండె మీద చెయ్యి పెట్టుకుని మోకాళ్ళ మీద ఉంటాడు ఆ బొమ్మలో. నేను లోపలికెళ్ళి డబ్బా తెచ్చి, ఆవిడ ముందే గాయాలు లెక్కపెట్టాను. పదకొండు.

అప్పుడు చెప్పాను, ఆట సంగతీ, కట్ట సంగతీ, ఆ ఆదివారం వాడు తీసిన ఆఖరి ముక్క సంగతీ. మందు ఎక్కుతుండగా వాడితో నేనన్న మాట కూడా చెప్పాను. పద్మ మొదటిసారి విన్నది అప్పుడే. వచ్చి నా పక్కన కూర్చుంది.

సుబ్బలక్ష్మి ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది వస్తే అందరికీ చూపించాలా అండి?"

"ఆయ్. వెల్లకిలా పెట్టాలమ్మా."

"మీకు చూపించలేదా?"

"లేదమ్మా."

"నాకూ చూపించలేదండి" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆ ముక్క తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగింది. మా ఇంట్లో ఆవిడ నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఉంచుకోమన్నాను.

ఉగాది వెళ్ళాక మాస్టారే డబ్బా తియ్యమన్నారు. నాలుగో చోట పద్మ కూర్చుంటుంది. ఆవిడకి మొహమాటం లేదు, రెండు గాయాలు పడితే చాలు నాకు కావాలి అనేస్తుంది. ఆవిణ్ణి చూసి మేమూ నేర్చుకున్నాం. సూరిబాబు గారు కాలి పుండు ముదురుతోందని దాచకుండా చెప్పి, కాకినాడ వెళ్ళి చూపించుకున్నారు. నేనూ తోడు వెళ్ళాను, ఆ ఇనుప కుర్చీల్లోనే కూర్చున్నాను.

పన్నెండు ఉండాల్సిన గాయాలు ఇప్పుడు పదకొండే గనక ఆట తేలికైపోయింది. తరచూ గెలుస్తున్నాం. గెలిచినప్పుడు ముక్కలు ఏరి, లెక్కపెట్టి, డబ్బాలో పెట్టుకుంటాం.